మజిల్ కారు: కొనేది ఇంజన్ చూసి, ఏడ్చేది అడుగు చూసి

పాత అమెరికన్ మజిల్ కార్ల మీద, అంటే మామూలు బండిలో పెద్ద ఇంజన్ పెట్టి అమ్మినవాటి మీద, మోజున్న చాలామంది ఒక సంగతి మర్చిపోతారు. పుట్టినప్పుడు ఇవి ఖరీదైన బళ్లు కావు. 1964లో పాంటియాక్ వాళ్లు జీటీఓ తెచ్చినప్పుడు అది విడిగా ఒక మోడల్ కూడా కాదు, టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు ఫ్యామిలీ కారు మీద సుమారు 296 డాలర్లు అదనంగా కడితే వచ్చే ఆప్షన్ ప్యాకేజీ. మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టొద్దని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ పెద్దల నిబంధన. కొత్త మోడల్ అంటే వాళ్ల దగ్గరికి వెళ్లాలి, ఆప్షన్ అంటే అక్కర్లేదు. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం ఆ సందు పట్టుకుని, పెద్ద కార్లకు వాడే 389 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌ని, అంటే దాదాపు 6.4 లీటర్లది, ఈ చిన్న బండిలో దూర్చేసింది. ఐదు వేలు అమ్ముడైతే చాలనుకున్నది మొదటి ఏడాదే 32 వేలు దాటింది.

మిగతా కంపెనీలదీ అదే దారి. 1968లో వచ్చిన ప్లిమత్ రోడ్ రన్నర్ ధర మూడు వేల డాలర్ల లోపు. లోపల కార్పెట్ బదులు రబ్బరు మ్యాట్, ముందు బెంచీ సీటు, బానెట్ కింద మాత్రం 335 హార్స్‌పవర్ ఇంజన్. ఫోర్డ్ మస్టాంగ్ అయితే ఫాల్కన్ అనే చవక కారు భాగాల మీద కట్టిన బండి (దాన్ని మజిల్ కారు అనకూడదు, 'పోనీ' (పొట్టి గుర్రం) కారు అనాలని పట్టుబట్టేవాళ్లున్నారు, వాళ్లతో వాదన మనకెందుకు).

చవక బండి, పెద్ద ఇంజన్. ఈ రెండూ గుర్తుంటే, ఇవాళ ఇలాంటి కారు కొన్నవాళ్లకు ఎదురయ్యే తలనొప్పులూ సుఖాలూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో దాదాపు అంతా అర్థమైపోతుంది. ఇంజన్ మీద కంపెనీలు ఖర్చుకు వెనకాడలేదు, పైగా లక్షల్లో తయారుచేశాయి కాబట్టి దాని విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, రిపేరు కూడా తేలిక. పిసినారితనమంతా మిగతా చోట్ల చూపించాయి, రేకులో, బ్రేకుల్లో, నీళ్లు లోపలికి రాకుండా చేసే సీలింగులో. అరవై ఏళ్ల తర్వాత పెద్ద బిల్లులు వస్తున్నది కూడా అక్కణ్ణుంచే.

బ్రేకుల సంగతే చూడండి. 1964 జీటీఓకి నాలుగు చక్రాలకూ తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములే, డిస్క్ బ్రేకులు ఆప్షన్‌గా దొరికింది 1967 నుంచి. హైవే స్పీడు నుంచి ఒకసారి గట్టిగా ఆపితే ఆగుతుంది, వెంటనే రెండోసారి ఆపాలంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, పెడల్ మీద ఎంత నిలబడ్డా బండి తన దారిన తాను పోతూనే ఉంటుంది. ఇంకో భయం, 1966 దాకా చాలా బళ్లలో, పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ ఒకే గదిది, ఎక్కడో ఒక పైపు కారిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. అందుకే కొన్న కొత్తలో క్రోమ్ మీదా స్టీరియో మీదా ఖర్చు పెట్టే ముందు రెండు గదుల మాస్టర్ సిలిండరూ ముందు చక్రాలకు డిస్కులూ వేయించుకోవడం బుద్ధిమంతుల పని. ప్రతి పాపులర్ మోడల్‌కీ రెడీమేడ్ కిట్లు ఉన్నాయి. ఒరిజినాలిటీ పోతుందని బాధపడేవాళ్లు విప్పిన డ్రమ్ములని ఒక పెట్టెలో పెట్టి అటక మీద పడేసుకోవచ్చు, కావాలంటే రేపు మళ్లీ బిగించుకోవచ్చు. ఇక 1970 దాకా వచ్చిన మస్టాంగుల్లో పెట్రోలు ట్యాంకు పైకప్పే డిక్కీ అడుగు, మధ్యలో వేరే రేకు లేదు, వెనక నుంచి గుద్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఇనుప రేకు బిగించుకునేవాళ్లు అందుకే అంతమంది.

టైర్ల దగ్గర ఇంకో మోసం ఉంది. ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగని బండికి గాడులు కొత్తవాటిలాగే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం లోపల ఎండిపోయి ఉంటుంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడాలి, 3412 అంటే 2012లో 34వ వారంలో తయారైందని. పదేళ్లు దాటిన టైరుతో నాలుగు వందల హార్స్‌పవర్ బండిని హైవే ఎక్కించడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

ఇక కొనే దగ్గరికి వద్దాం. అమ్మేవాడు ఎప్పుడూ బానెట్ ఎత్తి చూపిస్తాడు. మెరిసే ఎయిర్ క్లీనరు, కొత్త పెయింటు కొట్టిన బ్లాకు, గుడగుడమనే చప్పుడు. చూడాల్సింది అది కాదు, వంగి అడుగు చూడాలి. ఇంజన్ మొత్తం పాడైనా దాన్ని దింపి, బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు వేయించడానికి ఎంతవుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు, ఆ పని తెలిసిన మెషిన్ షాపులు ఇంకా ఉన్నాయి. తుప్పుకి ఆ లెక్క కుదరదు. పైకి అరచేయంత కనిపిస్తే లోపల చాపంత ఉంటుంది, రేకు కోసేదాకా ఎంతుందో ఎవరికీ తెలియదు.

మస్టాంగ్‌లో ఈ కథకి పేరుమోసిన చోటు ఒకటుంది, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఉండే కౌల్. గాలి లోపలికి రావడానికి అక్కడ చిల్లుల జాలీ ఉంటుంది, వాన నీళ్లూ ఎండుటాకులూ కూడా దాంట్లోంచే పడి, కింద దాచిన ఒక రేకు తొట్టిలో చేరి, పక్కలకు పారిపోవాలి. ఆ తొట్టి మధ్యలో గాలి గొట్టానికి చుట్టూ టోపీలా పైకి లేపిన అంచు ఉంటుంది. ఆకులు కుళ్లి తేమ నిలిచి ఆ అంచు తుప్పు తినేస్తే, నీళ్లు నేరుగా డాష్‌బోర్డు కిందకి, అక్కణ్ణుంచి కార్పెట్ కిందకి. కార్పెట్ తడిసిందని యజమాని నీళ్లు కారుతున్నది హీటర్లోంచే అనుకుని హీటర్ కోర్ మారుస్తాడు, మళ్లీ వానకి మళ్లీ తడుస్తుంది, ఈలోగా కింద ఫ్లోర్ రేకు కూడా పోతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. ఒక చెంబెడు నీళ్లు ఆ జాలీలో పోసి, టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే చాలు. చుక్క పడిందా, ధర గురించి మాట్లాడే పద్ధతే మారిపోవాలి. కొత్త కౌల్ రేకు ఖరీదు ఏమంత కాదు, కానీ పాతదాన్ని తీయాలంటే ముందు ఫెండర్లూ అద్దమూ విప్పి, స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచి, మళ్లీ అన్నీ సరిగ్గా అతికించాలి. అమెరికాలో ఆ పనికి గంటల లెక్కన కూలి కట్టి చూస్తే గుండె ఆగుతుంది.

మస్టాంగ్‌కి, షెవ్రొలె వాళ్ల కమారోకి విడిగా ఛాసిస్ లేదు (కమారోకి ముందు భాగంలో మాత్రం ఉంటుంది), బాడీయే ఛాసిస్, కాబట్టి అడుగు రేకులు పోతే బండి బలమే పోతుంది. షెవ్రొలె వాళ్లదే ఇంకో కారు షెవెల్, జీటీఓ లాంటివి ఛాసిస్ మీద కూర్చోబెట్టిన బాడీలు, వాటిలో ఛాసిస్‌ని వెనక చక్రాల దగ్గర సుత్తితో తట్టి చూడాలి. పైన వినైల్ అతికించిన కార్లయితే ఆ వినైల్ కింద తేమ నిలిచి, వెనక అద్దం మూలల్లో రేకు చిల్లులు పడి ఉంటుంది. చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో బళ్లకీ, ఎండిపోయిన అరిజోనా బళ్లకీ ధరలో తేడా అందుకే. అరిజోనా బండికి సీట్లూ డాష్‌బోర్డూ పగిలిపోయి ఉంటాయి, పోనీండి, అవి కొనుక్కోవచ్చు. పైన పుట్టీ ఎంత మెత్తారో తెలుసుకోవడానికి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు, అతుక్కోని చోట రేకు లేదన్నమాట.

మస్టాంగ్, కమారో లాంటి వాటికి లైసెన్సుతో పూర్తి కొత్త బాడీ షెల్లే తయారుచేసి అమ్ముతున్నారు, డైనకార్న్ అనే కంపెనీ దీనికి ప్రసిద్ధి. అంతదాకా వచ్చాక, అసలు ఇది ఆ పాత బండేనా అనే ప్రశ్న పుడుతుంది. పాత బండి ఫ్యాక్టరీ నంబరు (వీఐఎన్) కొట్టిన రేకు తీసి కొత్త షెల్‌కి బిగిస్తే చట్టంతో తంటా, మరి రిజిస్ట్రేషన్ ఏ పేరుతో చేయాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇలా కట్టిన బండి కొనేవాళ్లు టైటిల్ కాగితం, అంటే యాజమాన్య పత్రం, చదవకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

కాగితాల దగ్గర అసలు డబ్బు చేతులు మారుతుంది. మామూలు షెవెల్‌కీ, 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజన్‌తో వచ్చిన 1970 షెవెల్ ఎస్ఎస్‌కీ ధరలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. మరి పైకి చూస్తే తేడా ఎంత? నాలుగు బ్యాడ్జీలు, రెండు చారలు, ఒక ఇంజన్. 1968 దాకా ఎస్ఎస్ 396 షెవెల్‌కి ఫ్యాక్టరీ నంబరు 138తో మొదలయ్యేది కాబట్టి చూడగానే తెలిసేది, 1969 నుంచి ఎస్ఎస్‌ని ఆప్షన్ చేసేశారు, నంబరులో ఆ గుర్తే లేదు. అందుకే నకిలీలు పుట్టుకొచ్చాయి. మర్యాదగా ఒప్పుకునేవాళ్లు దాన్ని క్లోన్ అనో ట్రిబ్యూట్ అనో అంటారు, ఒప్పుకోనివాళ్లు అసలు ధర చెప్తారు.

కంపెనీని బట్టి నిజం తేల్చుకునే దారులు వేరు. పాంటియాక్‌కి పీహెచ్ఎస్ అనే సంస్థ దగ్గర ఫ్యాక్టరీ రికార్డులున్నాయి, 1967 నుంచి వచ్చిన ఫోర్డులకు మార్టీ రిపోర్టు వస్తుంది, ఏ రంగు, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్‌తో ఫ్యాక్టరీ వదిలిందో అందులో ఉంటుంది. క్రైస్లర్ వాళ్ల బళ్లకు ఫెండర్ లోపల బిగించిన చిన్న రేకు ట్యాగు ఉంటుంది. షెవ్రొలె వాళ్లదే కష్టం, కెనడాలో అమ్ముడైన బళ్లకు తప్ప మిగతావాటికి అలాంటి రికార్డు దొరకదు. అక్కడ మిగిలే ఆశ బిల్డ్ షీటు, అంటే అసెంబ్లీ లైన్లో బండితోపాటు తిరిగిన కాగితం, సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు పైనో ఇరుక్కుని అప్పుడప్పుడు బయటపడుతుంది. ఎలకలు తినకుండా ఉంటే అదృష్టం.

నంబర్స్ మ్యాచింగ్ అనే మాట కూడా కళ్లు మూసుకుని నమ్మేది కాదు. బండి నంబరులో కొంత భాగం ఇంజన్ బ్లాకు మీద కూడా కొట్టి ఉండాలన్నది దాని అర్థం. షెవ్రొలె వీ8లో ఆ చోటు కుడిచేతి వైపు సిలిండర్ హెడ్ ముందు ఉండే చిన్న చదును. ఫ్యాక్టరీ యంత్రం ఆ చదును మీద ముందు నుంచి వెనక్కి వెంట్రుకల్లాంటి సమాంతర గీతలు వదులుతుంది. పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టినవాడు ఆ గీతల్ని కూడా పోగొడతాడు, నున్నగా అద్దంలా ఉందంటే అనుమానించాలి. అయితే బ్లాకుని మెషిన్ షాపులో నిజాయితీగా చదును చేయించినా ఆ గీతలు పోతాయి, కాబట్టి ఒక్క ఆధారంతో తీర్పు చెప్పలేం. ప్లిమత్ వాళ్ల 1971 హెమీ క్యూడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది, మొత్తం తయారైనవే 11. ఆ స్థాయిలో ఆడేవాళ్లకు ఇదంతా ప్రాణం. వారాంతం సరదాగా తిప్పుకుందామనుకునేవాళ్లకు మాత్రం నంబర్లు కలవని, తుప్పు లేని బండే అన్నిటికంటే మంచి బేరం. తోలుతుంటే స్టీరింగుకి నంబరు కలిసిందో లేదో తెలియదు కదా.

హార్స్‌పవర్ అంకెల దగ్గరా జాగ్రత్త. 1971 కమారో జెడ్28ది 330 హార్స్‌పవర్ అని, 1972దానిది 255 అని రాసి ఉంటే, ఒక్క ఏడాదిలో ఇంజన్ చచ్చిపోయిందనుకుంటారు. తేడాలో చాలా భాగం కొలిచే పద్ధతిది. అంతకుముందు ఫ్యానూ ఎగ్జాస్టూ లాంటివి లేకుండా ఇంజన్ ఒక్కదాన్నే స్టాండు మీద పెట్టి కొలిచేవారు, 1972 నుంచి అన్నీ బిగించి కొలిచారు. నిజంగా తగ్గింది అంతకుముందు ఏడాదే, సీసం తక్కువున్న పెట్రోలుకి సరిపోయేలా 1971లో జనరల్ మోటార్స్ కంప్రెషన్ (సిలిండర్లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) తగ్గించేసినప్పుడు. తర్వాత ఇన్సూరెన్స్ ధరలు, పొగ చట్టాలు, 1973 చమురు నిషేధం కలిసి మిగతా పని ముగించాయి. కాబట్టి 1972 బండిని అంకె చూసి తీసిపారేయక్కర్లేదు, ఈనాటి పెట్రోలుతో దానికే తంటా తక్కువ.

ఎందుకంటే 1970 దాకా వచ్చిన గట్టి ఇంజన్లలో కంప్రెషన్ 10.5, 11 దాకా ఉండేది, అవి సీసం కలిపిన ప్రీమియం పెట్రోలు కోసం కట్టినవి. పాత పుస్తకంలో 100 ఆక్టేన్ (నొక్కినా పెట్రోలు ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తి) అని ఉంది, బంకులో 93 మాత్రమే ఉంది అని టెన్షన్ పడేవాళ్లు ఒకటి గమనించాలి, ఆ రెండూ ఒకే కొలత కాదు. అమెరికా బంకుల్లో ఇప్పుడు రాసేది రెండు రకాల కొలతల సగటు, పాత లెక్కలో అది 97, 98 దగ్గరికి వస్తుంది. మిగిలిన కొద్ది తేడాకి స్పార్కు టైమింగు కాస్త వెనక్కి తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. ఎత్తెక్కేటప్పుడు ఇంజన్లోంచి గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వస్తే అది పట్టించుకోవాల్సిన హెచ్చరిక. సీసం పోయినందువల్ల వాల్వ్ సీట్లు అరిగిపోతాయన్న భయం కూడా సగమే నిజం. గంటల తరబడి బరువు లాగే బండికి అరుగుతాయి, ఆదివారం బండికి అంత తొందరగా ఏమీ కాదు. ఎప్పుడైనా హెడ్లు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే సరి.

పెట్రోల్లో ఇథనాల్ మాత్రం నిజమైన శత్రువే. మన దగ్గర ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద జరుగుతున్న గొడవ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికాలో మామూలుగా దొరికేది పది శాతం కలిపినది. పాత రబ్బరు పైపుల్ని అది మెత్తబరిచి పగలగొడుతుంది, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బండి కొన్న వారంలోనే ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఇథనాల్ తట్టుకునే కొత్త పైపులు వేయించాలి. దీనికయ్యే ఖర్చు ఒక పూట హోటల్ భోజనమంత, బండి కాలిపోయిన కథలు వింటే ఎక్కువసార్లు మొదలైంది అక్కడే.

ఆయిల్ విషయం ఇంకాస్త సూక్ష్మం. ఈ ఇంజన్లలో వాల్వుల్ని ఎత్తే క్యామ్‌షాఫ్ట్ మీద ట్యాపెట్లు రోలర్ లేకుండా నేరుగా రాసుకుంటూ తిరుగుతాయి, ఆ రాపిడి దగ్గర లోహాన్ని కాపాడేది ఆయిల్లో ఉండే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం. కొత్త కార్లలో ఆ ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్ని పాడుచేస్తుందని ఆయిల్ ప్రమాణాలు దాన్ని తగ్గిస్తూ వచ్చాయి. షాపులో కనిపించిన ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోసి బండికి మేలు చేశామనుకుంటే క్యామ్ అరిగిపోవచ్చు. జింకు ఎక్కువున్న ఆయిల్ అని డబ్బా మీద రాసి అమ్మేవి ఉన్నాయి, అవే వాడాలి. కొత్త క్యామ్ వేయించినప్పుడు మొదటి ఇరవై నిమిషాలు ఐడిల్లో ఉంచకుండా రెండు వేల ఆర్‌పీఎం పైన నడపడం మరీ ముఖ్యం, పేరున్న మెకానిక్కులు కూడా ఇక్కడ తొందరపడి కొత్త ఇంజన్ని చంపేసుకుంటారు.

రోజువారీ సంరక్షణ నిజానికి హాయిగా ఉంటుంది. యెజ్డీ, చేతక్ తోలినవాళ్లకు సీబీ పాయింట్లూ (స్పార్కు కోసం కరెంటు తెంపే స్విచ్చు) చోకూ కొత్త కాదు, ఇక్కడ సిలిండర్లు ఎనిమిది, అంతే. జనరల్ మోటార్స్ వీ8 డిస్ట్రిబ్యూటర్ మూతకి ఒక చిన్న కిటికీ ఉంటుంది, దాన్ని ఎత్తి, ఇంజన్ తిరుగుతుండగానే అలెన్ కీతో పాయింట్లు సరిచేయొచ్చు, మీటరులో డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) 30 డిగ్రీలు చూపిస్తే చాలు. అంత ఓపిక లేనివాళ్లు ఆ మూత కిందే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేసుకుంటారు, పైకి కనిపించదు, చూసినవాళ్లెవరూ కనిపెట్టలేరు. రెండు వారాలు నిలబెట్టిన బండి స్టార్టవకపోతే చాలామంది బ్యాటరీని తిడతారు. అసలు కారణం, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. ఇంజన్ మీదున్న పంపు దాన్ని మళ్లీ నింపేదాకా కాసేపు తిప్పాలి, తర్వాత పెడల్ ఒకసారి అడుగంటా నొక్కి వదిలితే చోకు మూసుకుంటుంది, అప్పుడు తిప్పితే అందుకుంటుంది. నాలుగైదుసార్లు నొక్కితే ఇంజన్ని పెట్రోల్లో ముంచేసినట్టే.

ఈ బళ్లను పాడుచేసేది తిప్పడం కంటే తిప్పకపోవడమే. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, నెలకోసారి గ్యారేజీలోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పుట్టిన తేమ ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ ఉండిపోతుంది. అయితే అరగంట రోడ్డు మీద తిప్పాలి, లేదంటే ట్యాంకు నిండా పెట్రోలు పోసి, స్టెబిలైజర్ కలిపి, బ్యాటరీకి చిన్న ఛార్జరు తగిలించి, వేసవి దాకా ముట్టకుండా వదిలేయాలి. మధ్యేమార్గం లేదు.

ఇన్సూరెన్స్ మామూలు పాలసీ తీసుకోకూడదు. అందులో బండి వయసు లెక్కగట్టి తరుగు తీసేస్తారు. పాతకార్లకు ప్రత్యేకంగా ఇచ్చే పాలసీలో ముందే ఇద్దరూ ఒప్పుకున్న విలువ రాస్తారు, నష్టమైతే అంతా ఇస్తారు, ప్రీమియం కూడా తక్కువే, కాకపోతే తాళం వేసే గ్యారేజీ ఉండాలి, రోజూ ఆఫీసుకి తోలకూడదు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు పెట్రోలు బళ్లకు పొగ పరీక్ష లేదు, ఈ ఒక్క నిబంధన వల్లే 1976 బండి కంటే 1975 బండికి గిరాకీ.

పాత బాడీలో కొత్త ఇంజన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఐదు గేర్లు, ఏసీ పెట్టి తోలుకునే రెస్టోమాడ్ పద్ధతిని చాదస్తులు పాపంలా చూస్తారు. ఆరు సిలిండర్ల మామూలు మస్టాంగ్‌తోనో, ఎప్పుడో ఇంజన్ మారిపోయిన షెవెల్‌తోనో అలా చేస్తే ఎవరికీ నష్టం లేదు, టెక్సాస్ ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. రికార్డులున్న అసలైన బండిని కోసి అలా చేయడం మాత్రం ఉన్న డబ్బుని తగలేసుకోవడమే.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇదంతా చూడ్డానికి టికెట్ కూడా అక్కర్లేదు. 1995 నుంచి, 2020లో తప్ప, ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ అనే ఊరి దాకా పాత బళ్లు బారులు తీరతాయి. కొనాలనుకునేవాళ్లు ఆ ఒక్కరోజు యజమానులతో మాట్లాడితే నెలల తరబడి వీడియోలు చూసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది, తమ బండిలో ఏమేం పాడైందో చెప్పడానికి వాళ్లంత ఉత్సాహం ఇంకెవరికీ ఉండదు.

రిటైరయ్యాక బండిని హైదరాబాదో విజయవాడో తెచ్చుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. దిగుమతి అనుమతి, సుంకం దాటి వచ్చినా, 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకి ఇక్కడ వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నంబరుతో రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద ఎత్తున మార్చి ఉండకూడదు. అంటే అక్కడ ముచ్చటపడి కట్టించుకున్న రెస్టోమాడ్ ఇక్కడ ఆ లెక్కలోకే రాదు. కాబట్టి ఆ ఆలోచన ఉన్నవాళ్లు ఇంజన్ మార్చకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.